సంగీత నిర్మాణ సాఫ్టువేరు: దానిని నేర్చుకొను సాధనములను ఎన్నుకొను విధము

విద్య నేర్వగోరువానికి సాధనములు దొరకకుండుట యొక కష్టము. సాధనములు లెక్కకు మించి దొరకుట మఱియొక కష్టము. మొదటిది మన పూర్వులు పడిన కష్టము. రెండవది మనము పడుచున్న కష్టము. ఒకప్పుడు సంగీతము నేర్వదలచిన బాలుడు గురువును వెదకికొనుచు ఊరు విడిచి పోవలసి యుండెను. గురువు దొరకిన పిమ్మట ఏది ముందు, ఏది వెనుక అను విచారము శిష్యునకు లేదు. ఆ భారము గురువుదే. సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, గీతములు, వర్ణములు, కృతులు అను క్రమము ముందే యేర్పడి యుండెను. నేడు కంప్యూటరుమీద పాట కూర్పదలచిన బాలుడు జగ్గయ్యపేటలో గాని నందిగామలో గాని తన యింట కూర్చుండియే వేలకొలది పాఠములు చూడగలడు. కాని యవి యంగడిలో కుప్పవోసిన సరకువలె నున్నవి. ఏది మొదట గ్రహింపవలెనో చెప్పువారు లేరు.

ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విషయము కాదు. మనది కృష్ణాజిల్లా మెట్టప్రాంతము. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నది. ఇచట పత్తియు మిరపయు పండించువారును, సిమెంటు కర్మాగారములలో పనిచేయువారును, చిన్న అంగళ్ళు నడపువారును తమ పిల్లలను చదివించుచున్నారు. అట్టి యింటి బాలుడు “నాకు సంగీత నిర్మాణము నేర్వవలెనని యున్నది, ఈ కోర్సు కొనిపెట్టుడు” అని యడిగినచో, తండ్రి కాదనలేడు, సరేయనను లేడు. తప్పు కోర్సు కొనినచో పోవునది ధనము మాత్రమే కాదు. బాలుని యుత్సాహము చల్లారును; “ఈ విద్య నాకు రాదు” అను తలంపు వాని మనస్సున నాటుకొనును. ఈ రెండవ నష్టమును పూడ్చుట కష్టము.

కావున ఈ వ్యాసమున చెప్పదలచిన దొక్కటియే. సాధనముయొక్క మంచితనము దాని వెలయందు లేదు. చెప్పువాని కీర్తియందును లేదు. అది మనచేత పని చేయించి, ఆ పనిని మనచేత మరల వినిపింపజేయునా, లేదా అనుటయందే కలదు.

1. సాఫ్టువేరు చేయు పని

పూర్వము గ్రామఫోను ప్లేటు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట పట్టెడిది. గాయకుడును వాద్యకారులును ఒక్క గదిలో కూడి ఒక్కమారే పాడి వాయింపవలసి యుండెను. చివరి చరణమున నొకడు తప్పినచో అందఱును మొదటినుండి ఆరంభింపవలసినదే.

నేటి సాఫ్టువేరు ఆ పనిని విడదీసినది. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క వరుస యుండును. దీనిని ట్రాకు అందురు. గాత్ర మొక వరుసలో, హార్మోనియ మొక వరుసలో, తబలా యొక వరుసలో నుండును. ఒకదానిని దిద్దినను తక్కినవి చెడవు. మైకునుండి వచ్చిన ధ్వనిని సాఫ్టువేరు సంఖ్యలుగా మార్చును. సి.డి. ప్రమాణము ననుసరించి సెకండునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయును. రెండు చానళ్ళ ధ్వని ఒక నిమిషమునకు సుమారు ఒక కోటి అయిదు లక్షల బైట్ల స్థలమును తీసికొనును. ఈ లెక్కను విద్యార్థులు తామే కట్టి చూచుకొనవచ్చును.

ధ్వని గాక మఱియొక వస్తువు కూడ సాఫ్టువేరులో నుండును. దాని పేరు మిడి. ఇది 1983లో వెలువడిన ప్రమాణము. మిడియందు ధ్వని లేదు. స్వరలిపివలె ఏ మెట్టు నొక్కవలెను, ఎంత బలముగ నొక్కవలెను, ఎంతసేపు పట్టియుంచవలెను అను నాజ్ఞలు మాత్రమే కలవు. మెట్లకు 0 నుండి 127 వఱకు సంఖ్యలు గలవు. ధ్వనికిని మిడికిని గల ఈ భేదమును మొదటి పాఠములలోనే తెలుపని సాధనమును ప్రక్కన పెట్టుట మంచిది. ఏలయనగా తరువాతి తికమకలలో పెక్కింటికి మూల మిదియే.

2. ముందు పనిని ఎన్నుకొనుడు

“ఏ సాఫ్టువేరు గొప్పది?” అని పిల్లలు అడుగుదురు. ఈ ప్రశ్నకు ముందు “నేను చేయదలచిన పని యెద్ది?” అను ప్రశ్న రావలెను. పని తెలిసినచో సాఫ్టువేరు తెలియును. సాఫ్టువేరు తెలిసినచో పాఠములు సగము తామే వడపోయబడును.

బృందగానమునో, ఉపన్యాసమునో, అవ్వ చెప్పు కథనో రికార్డు చేసి, అక్కఱలేని ముక్కలను కోసి శుభ్రపఱచుటయే పని యైనచో ఆడాసిటీ చాలును. ఇది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు ఆరంభించినది, 2000లో వెలువడినది, ఉచితము. మైకు లేక, మెట్లతోనే వాద్యములను కూర్పదలచినవారికి ఎల్.ఎం.ఎం.ఎస్. అను ఉచిత సాఫ్టువేరును, బెల్జియమున పుట్టిన ఎఫ్.ఎల్. స్టూడియోయును కలవు. కాని ఎల్.ఎం.ఎం.ఎస్. 1.2 రూపమున గాత్రమును నేరుగా రికార్డు చేయు వసతి లేదు. పాడదలచిన బాలుడు ఇది తెలియక దానిని నేర్వ మొదలిడినచో వారము గడచిన పిమ్మట నిరాశ పడును. గాత్రము, వాద్యములు అనేకము కలిపి కూర్పదలచినవారికి రీపర్, ఆర్డర్, క్యూబేస్ మున్నగునవి గలవు. ఆపిల్ కంప్యూటరు గలవారికి గరాజ్‌బ్యాండు వెలలేకయే లభించును. కంప్యూటరు లేక ఫోను మాత్రమే గలవారు బ్యాండ్‌ల్యాబుతో ఆరంభింపవచ్చును.

ఒకటి ఎన్నుకొనిన పిమ్మట మూడు నెలలు దానిని విడువరాదు. ముక్క కోయుట, హెచ్చుతగ్గులు సరిచేయుట, కాలమును కుదుర్చుట, పలు వరుసలను ఒక్క పాటగా కలుపుట అనునవి అన్ని సాఫ్టువేరులకును సమానములు. ఒక యెద్దుతో దున్నుట తెలిసినవాడు మఱియొక యెద్దుతోను దున్నగలడు. దినమున కొక యెద్దును మార్చువాడు ఏ చేనును దున్నలేడు.

3. సాధనములలో రకములు

మొదటిది కైపుస్తకము, అనగా సాఫ్టువేరు చేసినవారో, దానిని బాగుగ నెఱిగినవారో వ్రాసిన వివరణము. ఆడాసిటీ కైపుస్తకము ఉచితముగా లభించును. రీపరునకు జెఫ్రీ ఫ్రాన్సిస్ అనువారు వ్రాసిన విస్తారమైన మార్గదర్శి కలదు. అదియు వెల లేకయే దొరకును. దీనిని ఆద్యంతము చదువ బనిలేదు. నిఘంటువును వాడునట్లు, సందేహము కలిగినప్పుడెల్ల తెఱచి చూడవలెను. పిల్లలు దీనిని చూచి జంకుదురు గాని, తప్పు చెప్పుట అన్నింటికన్న దీనియందే తక్కువ.

రెండవది వీడియో పాఠము. చేయి ఎచట కదలుచున్నదో కనబడును గనుక తొలి దినములలో దీనికి సాటి లేదు. రీపరునకు కెనీ జోయా అనువారి చిన్న చిన్న పాఠములు ప్రసిద్ధములు. బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ అను ప్రణాళికయందు ఆడాసిటీ పాఠములు గలవు. ఆ ప్రణాళిక పాఠములను భారతీయ భాషలలోనికి మార్చుచుండును గనుక తెలుగు రూపము కలదేమో ముందు చూచుకొనవలెను. ఐతే వీడియోకు ఒక దోషము కలదు. చూచుచున్నంతసేపు అంతయు తెలిసినట్లే తోచును. ఆపిన పిమ్మట చేయి కదలదు. ఈత చూచినవాడు ఈతగాడు కాడు. మునేటి గట్టున కూర్చుండి యెన్ని దినములు చూచినను నీటిలో దిగనివానికి ఈత రాదు.

మూడవది క్రమపాఠ్యము. బర్‌క్లీ సంగీత కళాశాలకు చెందిన లౌడన్ స్టర్న్స్ బోధించిన సంగీత నిర్మాణ ప్రవేశిక 2013లో కోర్సెరా ద్వారా వెలువడినది. ఏబుల్టన్ సంస్థవారు సంగీత మూలసూత్రములను బ్రౌజరులోనే, ఏ సాఫ్టువేరును కొనకయే, అభ్యసించునట్లు పాఠములు ఏర్పఱచిరి. ఇట్టివానియందు ఒక పాఠముపై మఱియొక పాఠము నిలుచును. సరళీస్వరములనుండి కృతులవఱకు పోవు క్రమమునకు దగ్గఱి పోలిక యిదియే.

నాలుగవది పుస్తకము. మైక్ సీనియర్ 2011లో ప్రకటించిన చిన్న స్టూడియోల మిశ్రమ రహస్యముల గ్రంథము ఇందు లెస్స యైనది. దానికి తోడుగా ఆయన అభ్యాసార్థమై వేఱువేఱు వరుసలుగా నున్న పాటల నెన్నింటినో ఉచితముగా అందుబాటున నుంచెను. మంచి మైకు లేని విద్యార్థికి ఇది గొప్ప మేలు. ఇతరులు చక్కగా రికార్డు చేసిన ధ్వనులను తాను కలిపి నేర్వవచ్చును.

అయిదవది గురువు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. ఆ శిష్యరికమునందు గురువు పాడుటయెంత ముఖ్యమో, శిష్యుడు పాడగా గురువు వినుటయు అంత ముఖ్యము. తక్కిన నాలుగు సాధనములకును ఈ గుణము లేదు. పాఠమును మనము విందుము. పాఠము మనలను వినదు. కావున ఏ సాధనమును పట్టినను, మన పనిని విని తప్పు చెప్పు ఒక చెవిని సంపాదించుకొనవలెను. ఆ చెవి సాఫ్టువేరు ఎఱిగినదే కానక్కఱలేదు. తాళజ్ఞానము గల పాఠశాల సంగీతోపాధ్యాయిని, హార్మోనియము వాయించు పెదనాన్న, బృందమున పాడు అక్క, వీరెవరైనను చాలుదురు. నందిగామకు సుమారు 50, జగ్గయ్యపేటకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున విజయవాడలో ఘంటసాల వారి పేర ప్రభుత్వ సంగీత కళాశాలయు కలదు.

4. అయిదు పరీక్షలు

ఒక పాఠమును స్వీకరించుటకు ముందు ఈ అయిదు పరీక్షలు పెట్టుడు.

మొదటి పరీక్ష: కాలము. పాఠము ఏ సంవత్సరమున, సాఫ్టువేరుయొక్క ఏ రూపమునకు చేయబడినది? ఆడాసిటీనే చూడుడు. ప్రాత పాఠములు ముక్కను జరుపుటకు టైం షిఫ్ట్ అను పనిముట్టును తీసికొనుమని చెప్పును. 2021లో వచ్చిన 3.1 రూపమున ఆ పనిముట్టు తీసివేయబడినది. ముక్క తలకట్టును పట్టి జరిపిన చాలును. అట్లే 2022లో వచ్చిన 3.2 రూపమునుండి కొన్ని ధ్వని సంస్కారములను పాట నడచుచుండగనే పెట్టి తీయవచ్చును. ఇది తెలియని విద్యార్థి లేని పనిముట్టు కొఱకు వెదకి వెదకి తన బుద్ధినే నిందించుకొనును. తప్పు వానిది కాదు, పాఠము వయస్సుది.

రెండవ పరీక్ష: ఫలము. పాఠము ముగియునప్పటికి చేతిలో నేమి మిగులును? “ఈ సాఫ్టువేరులోని నూఱు బొత్తాములు” అని చెప్పు పాఠముకంటె “ఒక నిమిషము పాటను ఆరంభించి ముగించుట” అని చెప్పునది మేలు.

మూడవ పరీక్ష: అభ్యాస సామగ్రి. చెప్పువాడు తాను వాడిన ధ్వనులను మనకు నిచ్చునా? ఇచ్చినచో మన ఫలితమును అతని ఫలితముతో పోల్చి వినవచ్చును. పోల్చుటకు వీలులేనిచోట దిద్దుకొనుటయు లేదు.

నాలుగవ పరీక్ష: కారణము. “ఈ సంఖ్యను ఇట్లు పెట్టుము” అని యూరకొనునా, ఏల పెట్టవలెనో చెప్పునా? ఒక యుదాహరణము. పాడునప్పుడు హెడ్‌ఫోనులో మన గాత్రము మనకే యాలస్యముగ వినబడుట కలదు. బఫరును తగ్గింపుమని ఒక పాఠము చెప్పి యూరకొనును. మంచి పాఠము లెక్కతో చూపును. బఫరు 1,024 కొలతలైనచో, దానిని 44,100చే భాగింపగా సుమారు 23 మిల్లీసెకండ్లు వచ్చును. శబ్దము గాలిలో సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, ఆ యాలస్యము 8 మీటర్ల దూరమునుండి పాటను వినుటతో సమానము. బఫరు 256 చేసినచో 6 మిల్లీసెకండ్ల లోపున, అనగా 2 మీటర్లకు దిగును. మఱి యెల్లప్పుడు తక్కువయే యుంచరాదా? ఉంచినచో కంప్యూటరునకు పని హెచ్చి ధ్వని చిటపటలాడును. కావున రికార్డు చేయునప్పుడు తగ్గించి, కలుపునప్పుడు పెంచవలెను. కారణము తెలిసినవాడు మఱియొక సాఫ్టువేరులోను ఈ పని చేసికొనగలడు.

అయిదవ పరీక్ష: మన పరికరములు. చెప్పువాని యొద్ద లక్షల విలువగల సామగ్రి యుండి, పాఠము దానిపై నాధారపడినదైనచో, అది మనకు చూడముచ్చట యగునే కాని చదువు కాదు.

5. మన సంగీతమునకు వర్తించు జాగ్రత్తలు

ఇచటనే బోధకుని కీర్తిని నమ్మి మోసపోవు ప్రమాదము కలదు. పాఠములలో పెక్కులు పాశ్చాత్య సంగీతమును మనస్సున నుంచుకొని చేయబడినవి. అవి తప్పులు కావు. మనకు సరిపడునంతవఱకు గ్రహింపవలెను.

తాళమును చూతము. పెక్కు సాఫ్టువేరులు తెఱచినంతనే నాలుగు లెక్కల వరుసను చూపును. ఆదితాళమున ఎనిమిది యక్షరములు గనుక రెండు వరుసలలో నిముడును. కాని మిశ్రచాపునకు ఏడును, ఖండచాపునకు అయిదును కావలెను. వరుసలోని లెక్కను మార్చుట యెట్లో చెప్పని పాఠమును అనుసరించువాడు తెలియకయే మన పాటలను నాలుగు లెక్కలలోనికి నొక్కివేయును.

శ్రుతిని చూతము. మనవారు ఒకటి శ్రుతి, అయిదు శ్రుతి అందురు. హార్మోనియముమీద ఒకటి యనగా సి, అయిదు యనగా జి. మిడిలో నడిమి సి మెట్టు సంఖ్య 60. దానిని షడ్జముగ నుంచినచో పంచమము 67. పాఠమున మేజరు స్కేలన్నచో శంకరాభరణ స్వరస్థానములనియు, నేచురల్ మైనరన్నచో నఠభైరవి స్వరస్థానములనియు గ్రహింపవచ్చును. ఇట్టి చిన్న పట్టికను నోటుపుస్తకమున వ్రాసికొనినచో పరదేశపు పాఠము సగము మనది యగును.

గమకమును చూతము. 1997లో ఆటోట్యూను వచ్చినది మొదలు గాత్ర శ్రుతిని యంత్రముచే దిద్దు వాడుక ప్రబలినది. “ప్రతి స్వరమును గీతకు లాగుము” అని పాఠము చెప్పును. గీతలు స్థిరముగ నిలిచిన స్వరములకు మాత్రమే సరిపడును. మన రాగములయందు స్వరము ఊగును, జాఱును. ఆ యూగుటయే రాగమునకు ప్రాణము. పాఠము చెప్పినట్లు చేసినచో శ్రుతి కుదురును గాని రాగము మిగులదు. అట్టిచోట పాఠమును విడిచి చెవిని నమ్మవలెను.

ధ్వనులను చూతము. సాఫ్టువేరుతో వచ్చు డోళ్ళలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళలో మ్రోగు డప్పు దొరకుట యరుదు. వాయించువారి యనుమతితో మనమే రికార్డు చేసికొనవచ్చును. డప్పు దెబ్బ హఠాత్తుగ లేచును గనుక, గరిష్ఠ స్థాయి మైనస్ 6 డెసిబెల్లకు మించకుండ ముందే తగ్గించుకొని, మైకును కొంత దూరమున నుంచవలెను. 65వ జాతీయరహదారి సమీపమున నిండ్లు గలవారు లారీల రొద తగ్గిన వేకువజామున రికార్డు చేయుట మేలు. గది ప్రతిధ్వనింపకుండ గోడలకు దూదిపరుపులు చేరవేసినచో ఖర్చు లేని యుపాయము.

6. తల్లిదండ్రులకు మనవి

తొలుత ఏ కోర్సును కొనవలదు. రీపరును 60 దినములు పూర్తిగ వాడి చూచుటకు దానిని చేసినవారే యనుమతి నిచ్చుచున్నారు. ఎఫ్.ఎల్. స్టూడియో పరీక్షారూపమును కాలపరిమితి లేక వాడవచ్చును గాని, దాచిన కూర్పు కొనువఱకు మరల తెఱచుకొనదు; ఈ సంగతిని ముందే పిల్లవానికి చెప్పుడు. వెల చెల్లింపని దొంగప్రతులను ఇంటికి రానీయకుడు. వానితో కంప్యూటరునకు చెఱుపు వచ్చుట యటుండ, ఇతరుల శ్రమను అపహరించి కళ నారంభించుట మంచి శకునము కాదు.

ధనము వెచ్చింపవలసి వచ్చినచో మొదట నమ్మదగిన హెడ్‌ఫోనుకు, పిదప ఒక మైకుకు వెచ్చింపుడు. బాలుడు ఉచిత సాధనములతో మూడు చిన్న కూర్పులు ముగించి, “నాకు ఇది వచ్చినది, ఇది రాలేదు” అని స్పష్టముగ చెప్పగలిగిన పిమ్మట, ఆ రాని దానికొఱకు కొనిన కోర్సు వ్యర్థము కాదు. నెలకొకమారు వాని పనిని విని దిద్దు గురువునకు ఇచ్చిన రుసుము అంతకంటె సార్థకము. ధ్రువపత్రము నిత్తుమను మాటనుబట్టి మాత్రము కొనవలదు. ఈ విద్యలో అడుగువారు పత్రము నడుగరు. “నీవు చేసినది వినిపింపుము” అందురు.

7. నాలుగు వారముల అభ్యాసము

మొదటి వారము: సాఫ్టువేరును స్థాపించి, మీ గాత్రమున ఒక నిమిషము చదివి రికార్డు చేసి, తప్పులు కోసి, ఫైలుగ వెలువరింపుడు.

రెండవ వారము: తాళమును పెట్టి, దానిపై ఒక చిన్న గీతమును పాడుడు. ఒక పాఠమును చూచుడు, మూసివేసి చేయుడు, మఱునాడు చూడకయే మరల చేయుడు. చేయలేనిచో పాఠము కష్టమైనదనియో, త్వరపడితిరనియో తెలియును.

మూడవ వారము: హార్మోనియమును గాని మిడి వాద్యమును గాని రెండవ వరుసగ చేర్పుడు. గాత్రము మునిగిపోకుండ హెచ్చుతగ్గులు సరిచేయుడు.

నాలుగవ వారము: ఇద్దఱికి వినిపించి, వారు చెప్పిన తప్పులు వ్రాసికొని దిద్దుడు. మొదటి రూపమును చెఱుపక దాచియుంచుడు. రెంటిని పోల్చి వినుటయే మీ పరీక్ష.

ఈ నాలుగు వారములు గడచునప్పటికి ఒక నిమిషము పాట మీ చేత నుండును. అది చిన్నదైనను ముగిసినది. నూఱు పాఠములు చూచి ఒక్క పాటయు ముగింపనివానికంటె, ఒక్క పాఠము చూచి ఒక్క పాట ముగించినవాడు ఈ విద్యలో ముందున్నవాడు.

ప్రశ్నలు

1. ధ్వనికిని మిడికిని భేదమేమి?
2. బఫరు 512 కొలతలైనచో, 44,100 ప్రమాణమున ఆలస్యమెంత? అది గాలిలో ఎంత దూరమునకు సమానము?
3. షడ్జము 60వ మెట్టుపై నుండగా శంకరాభరణ స్వరముల మిడి సంఖ్యలను వరుసగ వ్రాయుడు.
4. మీరు చూచిన పాఠమొకదానికి పైయయిదు పరీక్షలు పెట్టి, మీ యభిప్రాయమును పది పంక్తులలో వ్రాయుడు.